మ్యూజియం స్థాయి ప్రింటు: ఒకే ముద్ర కింద నాలుగు హామీలు

ఇంటి గోడకు దేవుడి పటమో, పెద్దల ఫోటోనో, కొత్త సంవత్సరపు క్యాలెండరో తప్ప మరొకటి ఎరగని కుటుంబాలు కూడా ఇవాళ మంచి చిత్రం ఒకటి కొందామని చూస్తున్నాయి. మూలచిత్రం కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి ఆ వెతుకులాట ఎక్కువగా ప్రింటు దగ్గర ఆగుతుంది. అక్కడ ప్రతి అమ్మకందారూ చెప్పేది ‘మ్యూజియం క్వాలిటీ’ అనే. రెండు వేల రూపాయల కాన్వాస్ ప్రింటు మీదా అదే రాసి ఉంటుంది, లక్ష దాటిన ఎచింగ్ (లోహపు పలకతో తీసిన చేతి అచ్చు) పక్కనా అదే ఉంటుంది. బంగారానికి హాల్‌మార్క్ ఉన్నట్టు ఈ మాటకు పూచీ పడే సంస్థ ఏదీ లేదు.

ఈ ముద్ర చుట్టూ నూట పాతికేళ్లకు పైగా నడుస్తున్న వాదాలు ఇప్పుడు బాగా చిక్కుపడ్డాయి. కళాకారుడి చేతిపని గురించి ఒకరు, కాగితం మన్నిక గురించి ఇంకొకరు, అందరికీ కళ అందడం గురించి మరొకరు, అరుదు గురించి వేరొకరు మాట్లాడుతూ అందరూ ఒకే విషయం చర్చిస్తున్నామనుకుంటున్నారు. ఆ పోగులను విడదీసి, ఎంతవరకు తేలిందో, ఏది తేలలేదో చూడడం ఈ సమీక్ష పని.

చరిత్ర: నాలుగు మలుపులు

మన దేశంలో ఈ కథ రాజా రవివర్మతో మొదలుపెట్టాలి. 1894లో ఆయన, తమ్ముడు రాజరాజవర్మ తోడుగా, బొంబాయిలో అచ్చుకూటం పెట్టారు. యంత్రాలు, పనివారు జర్మనీ నుంచి వచ్చారు. మూలచిత్రంలోని ఒక్కో రంగుకు ఒక్కో రాయి సిద్ధం చేసి, ఒకదానిపై ఒకటిగా అచ్చు వేసే క్రోమోలితోగ్రఫీ పద్ధతి అది. పైన వార్నిష్ పూసి నూనెరంగుల మెరుపు తెప్పించేవారు కాబట్టి వాటిని ఓలియోగ్రాఫులు అన్నారు. తర్వాత అచ్చుకూటం లోనావాలా దగ్గరి మలవలీకి తరలింది, జర్మన్ సాంకేతికుడు ఫ్రిట్జ్ ష్లైకర్ చేతికి వెళ్లింది. ఈ దేశంలో లక్ష్మీ సరస్వతుల రూపం ఎలా ఉంటుందో సామాన్యుడి కంటికి స్థిరపరచింది సంస్థానాల్లోని మూలచిత్రాలు కాదు, ఈ ప్రింట్లే.

రెండో మలుపు పశ్చిమంలో వచ్చింది. ఫోటో సాయంతో ఎన్ని కాపీలైనా తీయగల రోజులు వచ్చేసరికి, చేత్తో పలక చెక్కే కళాకారులు తమ పనిని వేరు చేసి చూపవలసి వచ్చింది. 1880ల ప్రాంతంలో విస్లర్, హేడెన్ వంటి ఎచింగ్ కళాకారులు ఒక్కో ప్రతి అడుగున పెన్సిల్‌తో సంతకం చేయడం అలవాటు చేశారు. క్రమంగా సంఖ్య వేయడమూ వచ్చింది. 12/50 అంటే యాభైలో పన్నెండోది అని. సంఖ్యకు బయట కళాకారుడు తన కోసం ఉంచుకునేవి ‘ఏపీ’, అంటే ఆర్టిస్ట్స్ ప్రూఫ్‌లు. 1930ల మధ్యలో జర్మన్ తత్వవేత్త వాల్టర్ బెంజమిన్ యాంత్రిక పునరుత్పత్తిపై రాసిన వ్యాసం ఈ తర్కానికి సిద్ధాంత రూపం ఇచ్చింది: మూలకృతి చుట్టూ ఉండే ప్రభ నకలులో ఉండదని, అయితే ఆ ప్రభ తొలగడం వల్లనే కళ జనం మధ్యకు రాగలుగుతుందని ఆయన రెండు వైపులా చూపారు. తర్వాతి వారు చాలామంది ఒక వైపే పట్టుకున్నారు.

మూడో మలుపులో తెలుగువారి పాత్ర పెద్దది. చిత్తూరు ప్రాంతపు నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 ముద్రణశాలలో స్థిరపడ్డారు. అక్కడ ఆయన, సహ కళాకారుడు కైకో మోటీ కలిసి అభివృద్ధి చేసిన విస్కాసిటీ పద్ధతి ముద్రణ చిత్రకళ దారినే మార్చింది. ఒకే లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కి, నూనె పాళ్లు తేడాగా ఉన్న సిరాలను మెత్తని, గట్టి రోలర్లతో పూస్తే, పలచని సిరా, చిక్కని సిరా ఒకదాన్నొకటి తోసుకుని రంగులన్నీ ఒక్క అచ్చులోనే పడతాయి. ఇక్కడ నకలు తీయడానికి ముందు మూలచిత్రం అంటూ ఏదీ లేదు, ప్రింటే మూలం. మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ పొందిన లక్ష్మాగౌడ్ ఎచింగులు కూడా అంతే. పల్లె ఒళ్లు, మేకలు, చెట్లు నిండిన ఆ సన్నని గీత రాగి, జింకు పలకల్లో పుట్టినదే.

నాలుగో మలుపు ఇంక్‌జెట్. 1991లో సంగీతకారుడు గ్రాహం నాష్ కాలిఫోర్నియాలో నెలకొల్పిన నాష్ ఎడిషన్స్‌లో పనిచేస్తున్న జాక్ డుగానే, ఐరిస్ యంత్రంపై తీసిన కళాముద్రలకు ‘జిక్లే’ అని పేరు పెట్టారు. అప్పటి సిరాలు నీటిలో కరిగే డై రకం కావడంతో త్వరగా వెలిశాయి. 2000 ప్రాంతంలో ఎప్సన్ స్టైలస్ ఫోటో 1270 ప్రింట్లు గాలిలోని ఓజోన్ తగిలి, చెప్పిన ఏళ్లకు ఎంతో ముందే నారింజ రంగుకు తిరగడం పెద్ద చర్చ అయింది. ఆ తర్వాత కరగని రంగు రేణువులుండే పిగ్మెంట్ సిరాలు వచ్చి పరిస్థితిని మార్చాయి. నేడు మనకు అమ్మే ‘మ్యూజియం స్థాయి’ ప్రింట్లలో అత్యధికం ఈ నాలుగో తరానివే.

నాలుగు వాదాలు

*చేతి అచ్చు వాదం.* కళాకారుడు స్వయంగా పలకనో, చెక్కనో, రాయినో, పట్టు తెరనో సిద్ధం చేసి తీసినదే అసలు ప్రింటు, మిగతావన్నీ పోస్టర్లు అని ఈ వర్గం అంటుంది. 1960లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ కళాకారుల మహాసభ ఇదే దిశలో నిర్వచనం ఇచ్చింది. చట్టంలోనూ దీనికి ఆధారం ఉంది. మన కస్టమ్స్ సుంకాల పట్టిక 97వ అధ్యాయం ప్రకారం, కళాకారుడు పూర్తిగా చేత్తో తయారుచేసిన పలకల నుంచి నేరుగా తీసిన ముద్రలే ఒరిజినల్ ప్రింట్లు. యాంత్రిక, ఫోటోయాంత్రిక పద్ధతులు ఆ లెక్కలోకి రావు. ఈ వాదం బలం దాని స్పష్టత. బలహీనత, కంప్యూటర్ తెర మీద నేరుగా బొమ్మ గీసే నేటి కళాకారుడికి ఇందులో చోటు దొరకకపోవడం.

*మన్నిక వాదం.* ఎవరు తీశారన్నది కాదు, ఎంతకాలం నిలుస్తుందన్నదే ముఖ్యం అన్నది రెండో వర్గం. హెన్రీ విల్‌హెల్మ్ 1993లో రంగు ఫోటోల మన్నికపై వెలువరించిన గ్రంథంతో ఇది శాస్త్రంగా బలపడింది. ఈ వర్గం అడిగేవి మూడు. కాగితం నూటికి నూరు పాళ్లు నూలుగుజ్జుతో చేసినదై, ఆమ్లం లేకుండా ఉండాలి. తెల్లదనం కోసం కలిపే ఆప్టికల్ బ్రైటనర్లు ఉండకూడదు, అవి కాలక్రమంలో శక్తి కోల్పోయి కాగితం పచ్చబారినట్టు కనిపిస్తుంది. సిరా పిగ్మెంట్ రకం కావాలి. 1584 నుంచి కాగితం చేస్తున్న జర్మనీ సంస్థ హానెమ్యూలే వారి బ్రైటనర్లు లేని నూలు కాగితాల వంటివి ఈ వర్గానికి కొలబద్దలు.

అయితే ‘వందేళ్లు’, ‘రెండు వందల ఏళ్లు’ అనే అంకెలను జాగ్రత్తగా చదవాలి. అవి తీవ్రమైన వెలుతురులో కొన్ని నెలలు పరీక్షించి, లెక్క కట్టి చెప్పినవి. విల్‌హెల్మ్ సంస్థ రోజుకు 12 గంటలు 450 లక్స్ వెలుతురును ఆధారంగా తీసుకుంది. కొడాక్ ఒకప్పుడు 120 లక్స్ తీసుకుంది. ఒక ప్రింటు మొదటి లెక్కన 40 ఏళ్లు నిలిస్తే, రెండో లెక్కన అదే ప్రింటుకు 150 ఏళ్లు వస్తాయి. మ్యూజియంలు కాగితంపై ఉన్న సున్నితమైన కృతులకు 50 లక్స్ దాటనివ్వవు, కొన్ని నెలల ప్రదర్శన తర్వాత చీకటి గదికి పంపుతాయి. మన హాల్లో ఆ రెండూ జరగవు.

*అందుబాటు వాదం.* రవివర్మ వారసత్వం ఈ వర్గానిది. మంచి చిత్రం ఎక్కువమంది కళ్ల ముందు ఉండడమే విలువ, కాపీల సంఖ్యను కావాలని కుదించడం కళకు మేలు కాదు అని వీరంటారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో తన సేకరణలో హక్కుల కాలం తీరిన కృతుల చిత్రాలను, అప్పటికి మూడు లక్షల డెబ్బై అయిదు వేలకు పైగా, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చని విడుదల చేయడం ఈ వాదానికి పెద్ద విజయం. దక్కనీ సుల్తానుల కాలపు చిత్రాలు కూడా ఆ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. ఫైలు దించుకుని, మంచి ముద్రణశాలలో నూలు కాగితంపై తీయించుకుంటే, గోల్కొండ నాటి చిత్రకారుడి పనితనం హైదరాబాద్ ఫ్లాటు గోడ మీదికి న్యాయంగానే వస్తుంది.

*అరుదు వాదం.* సంతకం, సంఖ్య, పూర్వచరిత్ర ఉంటేనే ప్రింటుకు విలువ, రేపు అమ్మితే పలికేది వాటి వల్లే అని నాలుగో వర్గం. గ్యాలరీలు, వేలం సంస్థల భాష ఇది. ఇందులో నిజం ఉంది. చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మల సెరిగ్రాఫులకు (తెరముద్రలకు) సంతకం, ఎడిషన్ సంఖ్య ఉన్నాయా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. ప్రమాదమూ ఉంది. సాల్వడార్ డాలీ వేలకొద్దీ ఖాళీ కాగితాలపై సంతకాలు చేసిన ఉదంతం బయటపడ్డాక, ఆయన పేరుతో ఉన్న ఆఖరి దశ ప్రింట్ల మార్కెట్టే నమ్మకం కోల్పోయింది. కళాకారుడి సంతకం కాగితం మీద ఉన్నంత మాత్రాన అచ్చు మీద ఆయన చెయ్యి పడినట్టు కాదు.

సరిపోల్చి చూస్తే

మార్కెట్లో దొరికే అయిదు రకాలను ఈ నాలుగు కొలతలతో చూద్దాం.

- చేతి అచ్చు (ఎచింగ్, ఉడ్‌కట్, లితో, కళాకారుడే చేసిన సెరిగ్రాఫ్): కళాకారుడి చెయ్యి పూర్తిగా ఉంటుంది. మన్నిక మంచిదే, కానీ వాడిన కాగితాన్ని బట్టి. సంఖ్య పరిమితం. లోహపు పలకతో తీసిన ఎచింగులో బొమ్మ చుట్టూ పలక అంచు నొక్కిన గుర్తు వేలికి తగులుతుంది.
- సంతకం ఉన్న జిక్లే లేదా సెరిగ్రాఫ్ నకలు: చెయ్యి సంతకం వరకే. మన్నిక చాలా మంచిది కావచ్చు. సంఖ్య అమ్మకందారు మాట మీద ఆధారపడుతుంది.
- మ్యూజియం లేదా ముద్రణశాల జిక్లే, సంఖ్య లేనిది: అరుదు లేదు. మూలంతో పోలిక, మన్నిక రెండూ గొప్పగా ఉండవచ్చు. నిజాయితీగా చెప్పి అమ్మితే పెట్టిన రూపాయికి ఎక్కువ చిత్రం ఇచ్చేది ఇదే.
- ఆఫ్‌సెట్ పోస్టర్: భూతద్దంలో చూస్తే క్రమంగా పేర్చిన నాలుగు రంగుల చుక్కలు కనిపిస్తాయి. ఇంక్‌జెట్‌లో ఆ క్రమం లేక చిన్న తుంపరలు కనిపిస్తాయి. ధర తక్కువ, ఆయుష్షూ తక్కువే.
- పాత ఓలియోగ్రాఫ్: చారిత్రక వస్తువుగా విలువ. కాగితం పెళుసు, రంగు మారి ఉంటుంది. తర్వాతి ముద్రణను పాతదిగా అమ్మే అవకాశం ఎక్కువ.

ఈ వరుస చూస్తే ఏ ఒక్కటీ నాలుగు కొలతల్లోనూ ముందు లేదు. చర్చ చిక్కుపడడానికి కారణం ఇక్కడే ఉంది. మూడో రకం సరుకుకు మొదటి రకం మాటలు తగిలించి రెండో రకం ధర అడుగుతున్నారు. మన్నిక నిజమే అయినా కొనేవాడు అరుదును కొన్నానని అనుకుంటున్నాడు.

మరో పోలిక తెలుగు నేలకు ప్రత్యేకం. చేర్యాల నకాషీ చిత్రం, శ్రీకాళహస్తి కలంకారీ వంటివి ఇప్పటికీ గీసేవారి దగ్గరే కొనవచ్చు. నూలు కాగితం, యూవీ అద్దం, మంచి ఫ్రేము కలిపి జిక్లేకు అయ్యే ఖర్చులో చాలాసార్లు ఒక చిన్న మూలచిత్రమే వస్తుంది. అలాంటి సంప్రదాయాలకు ప్రింటు కొనడంలో అర్థం తక్కువ. కెంపులు, బంగారు రేకు ఉబ్బెత్తుగా ఉండే తంజావూరు చిత్రాన్ని చదునైన కాగితం మీద చూపడం ఎంత గొప్ప యంత్రానికీ సాధ్యం కాదు.

మూలంతో పోలిక: ఫైలులోనే సగం

కాగితం, సిరాల గురించి ఇంత మాట్లాడే ప్రకటనలు ఫైలు గురించి మాట్లాడవు. దగ్గర నుంచి చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు మంచి లెక్క. 24×36 అంగుళాల ప్రింటుకు 7,200×10,800 పిక్సెళ్ల ఫైలు కావాలి. పుస్తకం నుంచి స్కాన్ చేసిన బొమ్మనో, ఫోనుతో తీసిన ఫోటోనో సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి నూలు కాగితంపై వేస్తే, అది ఎక్కువ కాలం నిలిచే చెడ్డ నకలు మాత్రమే అవుతుంది. మూలచిత్రాన్ని సమానమైన వెలుతురులో, రంగుల కొలమానం పట్టిక పెట్టి ఫోటో తీసి, ప్రింటరు, కాగితం జోడీకి తగిన రంగు ప్రొఫైల్ కట్టి, ప్రూఫు తీసి మూలం పక్కన పెట్టి సరిచూసినప్పుడే పోలిక వస్తుంది. పరిమాణమూ ముఖ్యమే. అరచేతిలో పట్టుకుని చూడడానికి గీసిన సూక్ష్మచిత్రాన్ని నాలుగడుగులకు పెంచితే, చిత్రకారుడు కోరిన చూపు మారిపోతుంది.

హక్కులు

భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం చిత్రకారుడు మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1906లో పోయిన రవివర్మ, 1925లో పోయిన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు కృతులు ఆ గడువు దాటాయి. 1992లో పోయిన వడ్డాది పాపయ్య బొమ్మలకు 2052 చివరి వరకు, 2014లో పోయిన బాపు బొమ్మలకు 2074 చివరి వరకు హక్కు ఉంది. తెలుగు ఇళ్లు అన్నింటికంటే ఇష్టంగా కొనే ఈ ఇద్దరి బొమ్మల విషయంలో, అనుమతి ఉన్న ముద్రణా కాదా అని అడగడం మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. మూలచిత్రం కొన్నవారికి కూడా, ఒప్పందంలో లేకపోతే, దాని నకళ్లు అమ్మే హక్కు రాదు.

మన వాతావరణం, మన ఫ్రేము

పైన చెప్పిన విల్‌హెల్మ్ సంస్థ మన్నిక పరీక్షలు సుమారు 24 డిగ్రీల వేడి, 60 శాతం తేమ అనుకుని చేసినవి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఇళ్లలో తేమ చాలా నెలలు ఆ గీత దాటే ఉంటుంది. బూజుకు, కాగితం తినే పురుగులకు అది ఇష్టమైన చోటు. అందుకే మన దగ్గర ప్రింటు ఆయుష్షును పటం కట్టిన తీరు ప్రింటుతో సమానంగా నిర్ణయిస్తుంది.

ఫ్రేము దుకాణాల్లో వెనక మామూలు అట్టో ప్లైవుడ్డో పెట్టి, బొమ్మను జిగురుతో అంటించి, అద్దం నేరుగా తగిలించే అలవాటు ఎక్కువ. ఈ మూడూ తప్పే. ప్రింటు వెనక, ముందు ఆమ్లం లేని మౌంటు బోర్డు ఉండాలి. పైఅంచున మాత్రం జపనీస్ కాగితపు పట్టీలు, గోధుమ గంజితో వేలాడదీయాలి, అవసరమైతే తడిపి తీసేయవచ్చు. అద్దానికీ కాగితానికీ మధ్య మౌంటు మందమంత ఖాళీ ఉండాలి. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం ఖరీదైనదే కానీ వృథా కాదు. బాత్రూమ్ గోడ అవతల, చెమ్మ పట్టే బయటి గోడకు, కిటికీ ఎండ పడే చోట వేలాడదీయకపోతే పైసా ఖర్చు లేకుండానే ఏళ్లు కలిసివస్తాయి.

ఇంకా తేలనివి

మొదటిది, కంప్యూటర్ తెర మీదే పుట్టిన బొమ్మ. దానికి ప్రింటుకు ముందు భౌతిక మూలం లేదు. కళాకారుడే ముద్రణ దగ్గర నిలబడి, కొన్నే తీసి సంతకం చేస్తే అది నకలా, మూలమా? కృష్ణారెడ్డి పలకకు వర్తించిన తర్కం దీనికీ వర్తిస్తుందని ఒక వర్గం, చేతి జాడ లేదని మరో వర్గం.

రెండోది, ఎడిషన్ అంటే ఏమిటన్నది. ఐరోపా సమాఖ్య పన్ను నిబంధనలు సంతకం, సంఖ్య ఉన్న ఫోటోగ్రాఫులను కళాకృతిగా గుర్తించడానికి 30 ప్రతుల హద్దు పెట్టాయి, అదీ అన్ని సైజులూ కలిపి. ఇంక్‌జెట్ మార్కెట్లో మాత్రం చిన్న సైజులో యాభై, పెద్ద సైజులో యాభై, కాన్వాస్‌పై మరో యాభై వేసి, ప్రతిదాన్నీ వేరే ఎడిషన్ అనడం మామూలైంది. పలక అరిగిపోతుంది, చివరికి గీత కొట్టి రద్దు చేస్తారు. ఫైలు అరగదు.

మూడోది, మరణానంతర ముద్రణలు. కుటుంబమో ట్రస్టో కళాకారుడి పలకల నుంచి కొత్తగా తీసినవాటిని ఎలా పిలవాలి, ఎంత ధర పెట్టాలి అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

నాలుగోది, మన మ్యూజియంలు. హక్కుల గడువు తీరిన చిత్రాలను ముద్రణకు పనికొచ్చే నాణ్యతతో అందరికీ ఇచ్చే విస్తృత విధానం మన దగ్గర ఇంకా రాలేదు. న్యూయార్క్‌లో ఉన్న దక్కనీ చిత్రం తెలుగువాడి గోడకు సులభంగా వస్తుంటే, సొంత ఊళ్ల గ్యాలరీల్లో ఉన్న చిత్రాలు అంత సులభంగా రావడం లేదు.

తేలినది

ఈ వర్గాల్లో ఏది గెలవాలన్నది కొనేవారి సమస్య కాదు. తాను దేనికి డబ్బు ఇస్తున్నాడో కాగితం మీద ఉండాలన్నదే అసలు అవసరం. కాలిఫోర్నియా 1970ల ఆరంభంలోనే ప్రింట్లు అమ్మేవారు పద్ధతి, సంఖ్య, సంతకం వివరాలు రాసివ్వాలని చట్టం తెచ్చింది. మన దగ్గర వినియోగదారుల రక్షణ చట్టం 2019 తప్పుదారి పట్టించే ప్రకటనలను నిషేధిస్తుంది, కానీ దాన్ని సులభంగా నిరూపించాలంటే అమ్మకందారు మాట లిఖితంగా ఉండడం మేలు.

అందుకే బిల్లుతో పాటు ఒక పత్రం అడగాలి. అందులో చిత్రకారుడి పేరు, ముద్రణ పద్ధతి, ముద్రణశాల, సంవత్సరం, కాగితం పేరు, సిరా రకం, అన్ని సైజులూ ఏపీలూ కలిపి మొత్తం ప్రతుల సంఖ్య, ఇకపై తీయబోమన్న హామీ, ఎవరి అనుమతితో తీశారన్న మాట ఉండాలి. చేతి అచ్చు తీసే కళాకారుడికి ఈ వివరాలు ఇవ్వడం గర్వకారణం. మంచి ముద్రణశాలకు ఇది రోజూ చేసే పని. ఇవ్వడానికి ఇష్టపడని చోట ‘మ్యూజియం స్థాయి’ అన్న ముద్రకు ధర చెల్లించకూడదు. కొనేవారు ఈ ఒక్క అలవాటు చేసుకుంటే, చట్టం వచ్చే లోపే మార్కెట్టు తన లెక్కలు సరిచేసుకుంటుంది. ఆ చిత్రం తనకు నచ్చిందా లేదా అన్న ప్రశ్న అప్పుడు కొనేవారికి నిశ్చింతగా మిగులుతుంది. గోడకు బొమ్మ ఎంచుకునేటప్పుడు మొదట రావలసిన ప్రశ్న అదే.